చవక బేరం చెరువుపాలు

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో దగ్గర తోపుడు బండి మీద వంకాయలు కొనే ఇల్లాలిని ఎప్పుడైనా గమనించారా? ధర అడిగి ఊరుకోదు. కాయ తిప్పి చూస్తుంది. తొడిమ దగ్గర పుచ్చు ఉందేమోనని పట్టి పట్టి చూస్తుంది. తక్కెడ మీద ఓ కన్నేసి ఉంచుతుంది. అన్నీ అయ్యాక కొసరడుగుతుంది. 'కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ' అని మగవాళ్ళు వెక్కిరిస్తారు గానీ, ఆ కొసరుల మీదే సంసారాలు గట్టెక్కాయని వాళ్ళకీ తెలుసు. అదే ఇల్లాలు పెళ్ళికి చీర కొనాలంటే ఐదు కొట్లు ఎక్కి దిగుతుంది. అంచు నలిపి చూస్తుంది. రంగు దీపాల వెలుగులో కాదు, ఎండలో చూపించమంటుంది. పైగా, తక్కువ ధర చెప్పిన కొట్టువాడినే ఎక్కువ అనుమానంగా చూస్తుంది. "ఇంత తక్కువకి ఇస్తున్నాడంటే ఎక్కడో లోపం ఉండే ఉంటుంది వదినా!" అని పక్కావిడ చెవిలో ఊదుతుంది.

ఇంత గడసరి ఇల్లాలి ఇంట్లోనే, ఏటా పదివేలో పదిహేనువేలో పోసి కొనే వస్తువు ఒకటుంది. దాన్ని తిప్పి చూడదు, నలిపి చూడదు, కొసరడగదు. అసలా సరుకు మొహమే ఎరగదు. ఏమిటది అంటారా? కారు ఇన్సూరెన్సు! అడిగి చూడండి. "అవన్నీ మా వారు చూసుకుంటారండీ" అంటుంది, అదేదో పతివ్రతా లక్షణమన్నట్టు.

మరి ఆ 'వారు' ఎలా చూసుకుంటారు? గడువు రేపటితో ముగుస్తుందనగా ఫోను తీస్తారు. కారు నంబరు కొడతారు. పది కంపెనీల ధరలు ఒకదాని కింద ఒకటి బారులు తీరతాయి. అన్నిటికంటే చిన్న అంకె ఎక్కడుందో వెతికి, దాని మీద వేలు పెట్టి, డబ్బు కట్టేసి, "రెండువేలు మిగిల్చాను తెలుసా!" అని మీసం మెలేస్తారు. కాఫీ చల్లారేలోగా వ్యవహారం ముగిసింది. ఆ రెండువేలు ఎందులోంచి తీసి ఇచ్చారో, పుచ్చు ఎక్కడుందో మాత్రం ఎవరూ చూడలేదు.

నా పోట్లాట ఇక్కడే. చవక కావాలనుకోవడం తప్పని నేననను. కారు వాయిదా, పిల్లల ఫీజులు, అపార్టుమెంటు మెయింటెనెన్సు, మధ్యలో ఆడపడుచు ఇంట్లో శుభకార్యం... ఇన్నిటి మధ్య నెట్టుకొచ్చే మధ్యతరగతి మనిషి నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలనుకోవడం పాపమా? కాదు. కానీ "ఎక్కడ తక్కువ?" అన్నది సగం ప్రశ్న. "ఏం తగ్గించి తక్కువ?" అన్నది మిగతా సగం. ఆ రెండో సగం అడగని ఇంట్లో, ముఖ్యంగా మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పేటల్లో, చవక పాలసీ అంత ఖరీదైన వస్తువు మరొకటి లేదని నా వాదన.

నిజానికి ఈ పోల్చి చూసుకునే గొడవ మన నాన్నలకీ మామగార్లకీ లేదు. 1972లో చట్టం చేసి ప్రైవేటు జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలన్నిటినీ జాతీయం చేసి, నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కలిపేశారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఒకటే రేటు. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు మళ్ళీ వచ్చినా, రేట్ల పట్టిక మాత్రం అలాగే ఉండిపోయింది. 2007 జనవరి 1 నుంచి మన బండికి జరిగే నష్టం తాలూకు ప్రీమియం మీద ఆ కట్టడి తీసేశారు. అప్పటినుంచే అసలు బజారు మొదలైంది. బజారు అన్నాక పరీక్షించి కొనుక్కున్నవాడికి మంచి సరుకు, కళ్ళు మూసుకున్నవాడికి పుచ్చు సరుకు. ఈ న్యాయం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ముందు సరుకు ఎలా ఉంటుందో చూద్దాం. ఈ పాలసీలో రెండు అరలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ. మన కారు తగిలి ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా వాళ్ళకి చెల్లించే అర. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దీని ధర కంపెనీలు పెట్టేది కాదు, ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, వెయ్యి దాటి పదిహేనువందల దాకా 3,416, ఆ పైన 7,897. పన్ను అదనం. ఏ కంపెనీ దగ్గర కొన్నా ఇది ఒకటే. అంచేత "మా కంపెనీలో థర్డ్ పార్టీ చాలా తక్కువ సార్" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

అన్నట్టు, ఈ మొదటి అరని కొందరు "పోలీసాయన ఆపితే చూపించే కాగితం" అంటుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఒక్క పావుగంట నిలబడి చూడండి. బస్సులకి అడ్డంపడి పరుగెత్తే ఆడవాళ్ళు, సంచులు మోసుకుంటూ కోచింగుకి పోయే పిల్లలు! మన కారు కింద వాళ్ళలో ఎవరైనా పడితే ఆ కుటుంబం గతి ఏమిటన్న ప్రశ్నకి జవాబు ఆ కాగితం. చలానా తప్పించుకునే తాయెత్తు కాదది.

రెండో అర మన కారు కోసం. గుద్దుకున్నా, దొంగలెత్తుకుపోయినా, నిప్పంటుకున్నా, వరదొచ్చినా మనకి వచ్చేది ఇందులోంచే. పది కంపెనీల ధరల్లో తేడా అంతా ఇక్కడే. మరి ఒక కంపెనీ రెండువేలు ఎలా తగ్గించగలుగుతోంది? ఉదారంగా తగ్గించేవాళ్ళు ఉంటే ఉండొచ్చు. కానీ ఎక్కువసార్లు సరుకులోంచే కోత పడుతుంది. ఆ కోతలు ఎలా ఉంటాయో చెబుతాను, వినండి.

మొదటి కోత కారు విలువలో. పాలసీలో ఐ.డి.వి. అని మూడక్షరాలుంటాయి. కారు పోతే మన చేతికొచ్చే గరిష్ట మొత్తం అదే. ఉదాహరణకి, ఎనిమిది లక్షల కారు మూడేళ్ళు నిండి నాలుగో ఏట పడిందనుకోండి. మామూలు పట్టిక ప్రకారం నూటికి నలభై తరుగు పోను నాలుగు లక్షల ఎనభైవేలు ఉండాలి. ఒక కోటేషనులో దాన్ని నాలుగు లక్షల ఇరవైవేలకి దించుతారు. ప్రీమియం వెయ్యి రూపాయలు తగ్గుతుంది. మనం మురిసిపోతాం. ఏ రాత్రో కారు మాయమైతే అరవైవేలు గాల్లో కలిసిపోతాయి. వెయ్యి మిగుల్చుకోవడానికి అరవైవేలు పందెం కాశామన్నమాట! పేకాటంటే మొహం చిట్లించే మనం ఈ పందేన్ని మాత్రం పొదుపు అంటాం.

రెండో కోత తరుగులో. బంపరు విరిగిందని క్లెయిము వేస్తే, ప్లాస్టిక్కు, రబ్బరు, నైలాను భాగాల మీద నూటికి యాభై తరుగు తీసేస్తారు. బంపరు, హెడ్‌లైటు కలిపి పద్దెనిమిదివేలు అయ్యాయనుకోండి. తొమ్మిదివేలు మనవే. చిన్న కారైతే ఇంకో వెయ్యి, పదిహేనువందల సీసీ దాటితే రెండువేలు తప్పనిసరిగా మనం పెట్టుకోవాలి. అంటే మీ చేతి చమురు పదివేలకి తగ్గదు. 'జీరో డిప్రిసియేషన్' అనే అదనపు రక్షణ ఉంటే ఆ తొమ్మిదివేలు మిగులుతాయి. చవక కోటేషనులో అది ఉండదు. లేదన్న మాట పెద్దక్షరాల్లోనూ ఉండదు.

మూడోది కోత కాదు, మోసం. క్లెయిము లేని ఏళ్ళకి బహుమతిగా ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది తర్వాత నూటికి ఇరవైతో మొదలై, ఐదేళ్ళు వరసగా క్లెయిము లేకపోతే యాభైకి చేరుతుంది. కిందటేడు క్లెయిము వేసిన కారుకి కూడా, "ఏం ఫరవాలేదు మేడమ్, వేయలేదని రాసేస్తాను" అని బోనసు కలిపేసే ఏజెంట్లున్నారు. ధర తగ్గుతుంది. ఏజెంటు మంచివాడంటాం. అసలు క్లెయిము పడిన రోజున ఆ అబద్ధం బయటపడుతుంది. సంతకం ఏజెంటుది కాదు, మనది.

ఇక మన పేటల సంగతికి వద్దాం. ఇందాక 'ముఖ్యంగా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్' అన్నది ఊరికే అనలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి మీలో ఎవరు మరిచిపోయారు చెప్పండి? హయత్‌నగర్ వైపు దాదాపు ముప్ఫై సెంటీమీటర్ల వాన. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ మీద పడింది. అటు హరిహరపురం కాలనీ మునిగింది. నగరంలో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. ఆ తర్వాత నాలాలు వెడల్పు చేశారు, పెద్ద కాలువలు కట్టారు, కాదనను. కానీ చెరువు తన చోటు మరిచిపోదమ్మా. మన కాలనీల్లో సగం నీళ్ళు పారిన దారుల్లోనే లేచాయి. పైగా అపార్టుమెంట్లలో కార్లు పెట్టేది ఎక్కడ? నేలకంటే లోతున, సెల్లారులో!

ఆ మర్నాడు మా ఎరికలో ఒక టీచరమ్మగారి ఇంట్లో జరిగిన సంగతి ఇది. నీళ్ళు తీశాక వాళ్ళబ్బాయి "చూద్దాం, బండి పని చేస్తుందేమో" అని తాళం తిప్పాడు. ఇంజనులో నీళ్ళున్నాయి. గట్టిగా ఒక్క శబ్దం చేసి అది బిగుసుకుపోయింది. కంపెనీ మనిషి వచ్చి చూశాడు. సీట్లకీ తివాచీకీ ఇస్తామన్నారు. ఇంజనుకి మాత్రం ససేమిరా అన్నారు. వరద చేసిన నష్టం వేరట, తడిసిన ఇంజనుని తిప్పడం వల్ల వచ్చిన నష్టం వేరట! ఇలా వాదించింది ఆ ఒక్క కంపెనీయే కాదు, మామూలు పాలసీల్లో ఇదే పద్ధతి. ఈ నష్టం కావాలంటే 'ఇంజన్ ప్రొటెక్ట్' అనే మరో రక్షణ విడిగా కొనుక్కోవాలి. దాని ధర కొన్ని వందలు, కారు పెద్దదైతే వెయ్యో రెండువేలో. ఆ ఏడాది ప్రీమియం తగ్గించడానికి వాళ్ళు వదిలేసింది సరిగ్గా దాన్నే. కొత్త ఇంజనుకి లక్ష దాటింది. పాపం ఆవిడ చిట్టీ ఎత్తి కట్టింది.

ఇప్పుడు చెప్పండి. బంజారాహిల్స్ గుట్ట మీద ఉండేవాడికీ, సరూర్‌నగర్ చెరువు కింద ఉండే మనకీ ఒకే పాలసీ చవక ఎలా అవుతుంది? ఫోనులో కనిపించే ఆ పట్టికకి మన వీధి పల్లమో మెరకో తెలియదు. మన సెల్లారులో మోటారు పని చేస్తుందో లేదో తెలియదు. ఆ సంగతులు మనకి తెలుసు. వర్షాకాలంలో గుమ్మం దాకా నీళ్ళు వస్తే బియ్యం డబ్బా ముందు ఎత్తున పెట్టేది ఎవరు? ఆడదే గదా! మరి ఆ తెలిసిన మనిషినే పక్కన కూర్చోబెట్టి, తెలియని పట్టికని అడిగి కొంటున్నారంటే దాన్ని తెలివి అనాలా?

"వాన రోజూ వస్తుందా ఏమిటి? ఎప్పుడో ఒకసారి వచ్చేదానికి ఏటా డబ్బు తగలేయాలా?" అంటారు శ్రీవారు. రోజూ వచ్చేదానికి ఇన్సూరెన్సు ఎవరూ ఇవ్వరు మహాశయా! రోజూ వచ్చేదాన్ని ఖర్చంటారు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని సామెత చెప్పుకునే జాతి మనది. "ఎంత కట్టినా క్లెయిము ఎలాగూ ఇవ్వరు, అంచేత చవకదే మేలు" అనేవాళ్ళు మరికొందరు. ఇది మరీ విడ్డూరం. పాలసీలో లేనిదాన్ని అడిగి లేదనిపించుకుని, ఆ కోపంతో ఇంకా తక్కువ ఉన్న పాలసీ కొనడం... కొండనాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొట్టుకోవడమే.

సరే, పొదుపు చేయడానికి దారే లేదా అంటే, బోలెడుంది. కారు వారానికోసారి బయటికి తీసి, మిగతా రోజులు మెట్రోలో తిరిగే ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు? అలాంటివాళ్ళకి తిరిగిన దూరాన్ని బట్టి కట్టే పద్ధతికి 2022లోనే అనుమతి వచ్చింది, అడగండి. బంపరు గీసుకుపోయిందని మూడువేలకి క్లెయిము వేస్తే వచ్చే ఏడాది ఐదువేల బోనసు పోతుందేమో లెక్క వేయండి. గడువు దాటి తొంభై రోజులు ఊరుకుంటే కూడబెట్టిన బోనసంతా పోతుంది, ఆ తేదీని కాలెండరులో గ్యాసు బండ తేదీ పక్కనే రాసుకోండి. బోనసు కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మి కొత్తది కొంటే దాన్ని వెంట తీసుకుపోవచ్చు. షోరూములో ఇచ్చిన పాలసీయే తీసుకోవాలన్న నియమమేమీ లేదు, బలవంతపెట్టకూడదు కూడా.

ఇంకో ముచ్చట. కారు శ్రీమతి పేర ఉంటే ఇంటికి కలిసొస్తుందని చాలామంది భర్తలు మన పేర కొంటుంటారు. సంతోషం. పాలసీలో యజమానికి పదిహేను లక్షల ప్రమాద బీమా అని విడిగా డబ్బు కట్టించుకుంటారు. అది యజమాని అయి, లైసెన్సు కూడా ఉన్న మనిషికే వర్తిస్తుంది. కారు మన పేర, స్టీరింగు ఆయన చేతిలో, మనకి లైసెన్సు లేదు. ఆ రక్షణ ఎవరికి వర్తించింది? ఆయనకీ కాదు, మనకీ కాదు. ఇంట్లో ఇద్దరూ కూర్చుని పది నిమిషాలు చదివితే ఇది తెలిసేది. లైసెన్సు లేని కొడుకు చేతికి తాళాలిచ్చే తల్లులకీ ఇదే మాట. ఆ రోజు ప్రమాదం జరిగితే మన కారు బాగుకి కంపెనీ పైసా ఇవ్వదు.

తప్పంతా మనదేనా? కంపెనీలకీ నాలుగు మాటలు పడాలి. ఇన్సూరెన్సు కంపెనీల మీద పెత్తనం చేసే ఐ.ఆర్.డి.ఎ.ఐ. మన హైదరాబాదులోనే, నానక్‌రాంగూడలో ఉంది. పాలసీలో ఏముందో, ఏం లేదో తేలికమాటల్లో చెప్పే సమాచార పత్రం కొనుగోలుదారుకి ఇవ్వాలని 2024 జూన్‌లో అది ఆదేశించింది. మంచి పనే. కానీ ఆ పత్రం వచ్చేది పాలసీతో, అంటే డబ్బు కట్టాక! పెళ్ళయ్యాక జాతకాలు చూపించినట్టు లేదూ? కోటేషను చూపించే చోటే, ధర ఎంత పెద్దక్షరాల్లో ఉందో 'ఇందులో ఇంజనుకి రక్షణ లేదు, తరుగు మీదే' అన్న మాట కూడా అంతే పెద్దక్షరాల్లో, తెలుగులో ఉండాలి. ధర ఒక్కటే మెరిసిపోతూ, మిగతాదంతా చీమల బారులా ఉంటే అది పోల్చి చూపించడం కాదు, ఎర వేయడం. ఈ మాట అడిగే హక్కు ప్రీమియం కట్టే ప్రతి ఇల్లాలికీ ఉంది. అడగందే అమ్మయినా పెట్టదు, కంపెనీ పెడుతుందా?

న్యాయమైన క్లెయిము కాదన్నారనుకోండి, ఏడుస్తూ కూర్చోవద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆ ఆఫీసు లక్డీకాపూల్ వైపు ఉంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండా దిగొచ్చు. చీర రంగు వెలిసిందని కొట్టువాడితో గంటసేపు వాదించగలిగిన మనకి ఇదొక లెక్కా?

అంచేత ఈసారి గడువు తేదీకి పది రోజుల ముందే, ఆయనగారు ఫోను తీసేటప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఐదు ప్రశ్నలు వేయండి. కారు విలువ ఎంత రాశారు? తరుగు ఎవరి నెత్తిన? ఇంజనులోకి నీళ్ళొస్తే ఎవరు కడతారు? బోనసు నిజంగా మనకి రావలసిందేనా? మన ఎల్.బి.నగర్ వైపు ఏ గ్యారేజీలో చేతి నుంచి డబ్బు పెట్టకుండా బాగు చేస్తారు? ఈ ఐదింటికీ ఒకే రకం జవాబు చెప్పిన కోటేషన్లని పక్కపక్కన పెట్టి, అప్పుడు తక్కువ ధర ఏదో చూడండి. అదీ పోల్చడమంటే! "నీకెందుకే ఇవన్నీ?" అని ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నీళ్ళొచ్చిన రాత్రి బకెట్టు పట్టేది ఇద్దరూనూ.

వాన ఎప్పుడొస్తుందో ఎవరం చెప్పలేం. కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి మాత్రం జ్యోతిష్యం అక్కర్లేదు, కళ్ళజోడు చాలు.